దూలం జోలికి పోకుండా అటక కంతను పెద్దది చేయడం: ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 2, శనివారం

చిత్తూరు మిట్టూరులో మేముంటున్న ఇల్లు మా తాతగారు కట్టించినది. నడిహాలు మీద మంగళూరు పెంకుల కప్పు, దాని కింద చెక్క సీలింగు, ఆ రెంటికీ నడుమ అటక ఉన్నాయి. అటక మీదికి పోవడానికి హాలులో ఒక పక్కగా, గోడకు సుమారు మూడున్నర అడుగుల ఎడంలో, 18 అంగుళాల పొడవు, అంతే వెడల్పు గల కంత ఒక్కటే ఉంది. నిచ్చెనను నిట్టనిలువుగా ఆనించి, రెండు చేతులూ తల మీదికెత్తి, భుజాలు ముడుచుకుని దూరితే తప్ప మనిషి పైకి పోలేడు. పోయిన మరుక్షణమే పెంకుల కింది రీపరు, అంటే పెంకులను మోసే సన్నటి చెక్క పట్టె, నెత్తికి తగులుతుంది.

దసరాకు బొమ్మల కొలువు పెట్టడం మా ఇంటి ఆచారం. బొమ్మలన్నీ రెండు చెక్క పెట్టెలలో అటక మీదే ఉంటాయి. ఒక్కో పెట్టె 30 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు ఉన్నందున కంతలోంచి దిగదు. పలకలను విడిగా పైకి చేరవేసి పెట్టెలను అక్కడే బిగించారని అమ్మ చెబుతుంది. అందువల్ల ఏటా ఒకరు అటక మీద బోర్లా పడుకుని బొమ్మను కిందికి అందించడం, ఇంకొకరు నిచ్చెన మీద నిలబడి దానిని అందుకోవడం, అలా నూట ఇరవైకి పైగా బొమ్మలను దించడం జరుగుతూ వచ్చింది. పోయిన ఏడాది నా చేయి జారి దశావతారాల వరుసలో వామనుడి గొడుగు విరిగింది. అమ్మ నన్నేమీ అనలేదు గానీ, కొలువు ఉన్నన్నాళ్లూ వచ్చిన ప్రతి పేరంటాలికీ ఆ గొడుగు కథ చెప్పింది. "ఈ తూరి పెట్టెలు పెట్టెలుగానే దిగాల" అన్నది ఆమె షరతు. మహాలయ అమావాస్య సెప్టెంబరు 21న వస్తోంది కనుక గడువు ఏడు వారాలు.

పెట్టెలతో పాటు పైన పెద్ద ఇత్తడి గంగాళం ఒకటి ఉంది. వీలైతే దానినీ దించాలని ఉంది.

ఆగస్టు 3, ఆదివారం

ఉదయం ఆరున్నరకే అటక ఎక్కాను. పదకొండు గంటలకు మళ్లీ ఎక్కి ఉష్ణమాపకం పెట్టి చూస్తే బయట 34 డిగ్రీలున్న సమయంలో పైన 45 డిగ్రీలు చూపించింది. ఈ పని ఎన్ని పూటలు సాగుతుందో లెక్క వేసుకునేటప్పుడు ఆ పదకొండు డిగ్రీలను కూడా కలుపుకోవాలి.

హాలు 27 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు ఉంది. పొడవును మూడు సమభాగాలు చేస్తూ రెండు కలప ట్రస్సులు అడ్డంగా నిలిచి ఉన్నాయి. ఒక్కో ట్రస్సులో గోడ నుంచి గోడ దాకా పోయే అడ్డదూలం ఒకటి, రెండు గోడల మీది నుంచి లేచి శిఖరం దగ్గర కలుసుకునే ఏటవాలు దూలాలు రెండు, శిఖరం నుంచి అడ్డదూలం నడిమికి దిగే నిలువు కొయ్య ఒకటి, ఆ కొయ్య పాదం నుంచి ఏటవాలు దూలాల నడుములకు ఊతంగా పోయే కొయ్యలు రెండు ఉన్నాయి. ఇంజనీరింగు పుస్తకాలలో దీనినే కింగ్ పోస్టు ట్రస్సు అంటారు. అడ్డదూలం 8 అంగుళాల లోతు, 4 అంగుళాల మందం గల టేకు. దాని అడుగు అంచు సీలింగు పలకల కంటే కొంచెం కిందికి దిగి హాలులోకి కనబడుతుంది. చిన్నప్పుడు మేము ఊగిన ఉయ్యాల కొక్కేలు ఇంకా దానికే ఉన్నాయి.

ఒక అడ్డదూలం నుంచి రెండో దానికి, హాలు పొడవు వెంబడి, 2 అంగుళాల మందం, 5 అంగుళాల లోతు గల కొయ్యలు 20 అంగుళాలకు ఒకటి చొప్పున పరిచి ఉన్నాయి. వీటిని జాయిస్టులంటారు. వీటి కొనలు దూలం పక్కకు మేకులతో దిగ్గొట్టిన చెక్క పట్టీ మీద కూర్చుంటాయి. సీలింగు పలకలను వీటి అడుగున మేకులు కొట్టి బిగించారు. గోడ వైపు నుంచి లెక్కపెడితే మన కంత రెండో జాయిస్టుకూ మూడో జాయిస్టుకూ నడుమ పడింది. రెండు జాయిస్టుల మధ్య ఖాళీ 18 అంగుళాలే కాబట్టి కంత కూడా అంతే అయింది. దాని తూర్పు అంచు అడ్డదూలానికి 6 అంగుళాల దూరంలో ఉంది.

ఇక్కడే నా మొదటి ఆలోచన తప్పుదారి పట్టింది. కంతను దూలం వైపు పెంచి, దూలాన్ని ఆ రెండు మూడు అడుగుల మేర కోసేస్తే నడి అంకణమూ తూర్పు అంకణమూ కలిసి పైన మంచి చోటు వస్తుందని అనుకున్నాను. అటక మీద నిలబడి చూసినప్పుడు అడ్డదూలం మీద ఏ బరువూ కనబడదు. కప్పు బరువంతా ఏటవాలు దూలాల మీద ఉంటుంది. అడ్డదూలం ఉయ్యాల కోసం వేసినట్టు ఊరికే పడుకుని ఉంటుంది. అదృష్టవశాత్తూ ఆ రోజు నా చేతిలో రంపం లేదు, టేపు మాత్రమే ఉంది.

ఆగస్టు 9, శనివారం

వారమంతా ట్రస్సుల గురించి చదివాను. బ్రిటన్, అమెరికా ఇళ్లలో కనబడే ట్రస్సులు మన వాటి వంటివి కావు. 1955లో అమెరికాలో పళ్లున్న ఇనుప రేకును కనిపెట్టిన తరువాత, సన్నటి పలకలను ఆ రేకులతో అతికి కార్ఖానాలోనే ట్రస్సులు తయారు చేయడం అక్కడ వాడుకలోకి వచ్చింది. బ్రిటన్‌లో వాటిని సాధారణంగా 600 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున నిలబెడతారు. 35 మిల్లీమీటర్ల మందం పోగా రెంటి నడుమ మిగిలేది 565 మిల్లీమీటర్లు మాత్రమే. అక్కడ అటక కంత వెడల్పు పెంచాలంటే ట్రస్సు భాగాన్నే కోయవలసి వస్తుంది కాబట్టి, ఇంజనీరు లెక్క లేకుండా ఎవరూ దాని జోలికి పోకూడదన్న నియమం గట్టిగా పాటిస్తారు. మన ఇంట్లో ట్రస్సుల మధ్య దూరం 9 అడుగులు. కనుక కోయడానికి వీలున్న కొయ్యలు వేరు, వీలులేని కొయ్యలు వేరు అన్న తేడా ఇక్కడ స్పష్టంగా ఉంది.

ఆ తేడాను అంకెలలో చూసుకోవాలనిపించింది. ఇంటి వెనుక పేర్చి ఉంచిన పాత పెంకులలో ఒకటి తెచ్చి వంటింటి కాటా మీద పెడితే 2 కిలోల 600 గ్రాములు తూగింది. ఒక ట్రస్సు వంతుకు వచ్చే కప్పు మీద వరుసలు లెక్కపెట్టి గుణిస్తే సుమారు 260 పెంకులు తేలాయి. అంటే 676 కిలోలు. రీపర్లు, వాసాలు, వాటిని మోసే అడ్డ కొయ్యలు, ట్రస్సు సొంత బరువు కలిపి ఇంకో 250 కిలోలని పెట్టుకుంటే మొత్తం 900 కిలోలు దాటింది. ఏటవాలు దూలాలు 30 డిగ్రీల వాలులో ఉన్నాయి. ఆ బరువుకు వాటి పాదాలు గోడలను బయటికి నెడతాయి. ఆ నెట్టుడును పట్టి ఆపేది అడ్డదూలం ఒక్కటే. నా లెక్క ప్రకారం దానిలో దాదాపు 600 కిలోల లాగుడు ఉంది. ఇది పెంకులు పొడిగా, గాలి లేకుండా ఉన్న రోజు మాట. వానకు పెంకు నీరు పీల్చినప్పుడు ఇంకా పెరుగుతుంది.

తిరుపతిలో ఉండే మా బావ భవన నిర్మాణ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. లెక్కా, గీసిన బొమ్మా ఆయనకు పంపించాను. అరగంటలో ఫోన్ చేసి, "లెక్క బాగానే ఉందిరా. అడ్డదూలాన్ని కోయడం సంగతి పక్కన పెట్టు, దానికి కొత్తగా చిల్లు కూడా వేయొద్దు. జాయిస్టు ఒకటి కోసుకో, కోసిన దాని బరువు పక్కవాటికి ఎట్లా పోతుందో నాకు గీసి చూపించు" అన్నాడు.

ఆగస్టు 10, ఆదివారం

వడ్రంగి ఆచారిగారు వచ్చారు. డెబ్బైకి దగ్గరలో ఉన్న మనిషి. మా నాన్నగారి కాలం నుంచీ ఈ ఇంటి తలుపులూ కిటికీలూ ఆయన చేతి మీదనే నడిచాయి. కంతలోంచి ఆయన నాకంటే సులువుగా దూరారు. పైకి పోగానే ఉలి పిడితో రెండు అడ్డదూలాలనూ కొస నుంచి కొస దాకా తట్టుకుంటూ పోయి, గోడలో దిగిన చోట్ల ఉలి మొనతో పొడిచి చూశారు. చెదలు పట్టలేదు. గోడలో దిగిన కొనలలో తేమ నిలిచి కలప మెత్తబడడం పాత ఇళ్లలో మామూలు కాబట్టి అక్కడే ఎక్కువ సేపు ఉన్నారు.

నేను గంటల కొద్దీ కూర్చుని లెక్క వేసిన విషయాన్ని ఆయన ఒక్క ముక్కలో చెప్పారు. "ఇది మోసే దూలం కాదు సార్, పట్టుకోనుండే దూలం. గోడలు రెండూ ఆ పక్కకొకటి ఈ పక్కకొకటి పోకుండా పట్టుకోనుండాది." ఆ తరువాత నడిమి నిలువు కొయ్య దగ్గరికి తీసుకుపోయి, దాని పాదానికీ దూలానికీ నడుమ టార్చి వేయమన్నారు. అక్కడ పోస్టుకార్డు దూరేంత సందు ఉంది. పాదం చుట్టూ, దూలం అడుగు నుంచి తిరిగి వచ్చిన ఇనుప పట్టీ ఒకటి రెంటినీ కలిపి పట్టింది. ఆ కొయ్య దూలం మీద నిలబడి ఉందని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజానికి అది శిఖరం నుంచి వేలాడుతోంది. అడ్డదూలం నడుము జారకుండా ఆ ఇనుప పట్టీతో పైకి ఎత్తి పట్టుకున్నది అదే.

ఇంతలో పశ్చిమపు ట్రస్సులో ఒక లోపం బయటపడింది. ఎప్పుడో కరెంటు పైపు పోనివ్వడానికి ఎవరో అడ్డదూలం పై అంచున, గోడకు రెండడుగుల ఇవతల, ఒకటిన్నర అంగుళం లోతున గాడి తీశారు. 8 అంగుళాల దూలంలో అక్కడ పనికొచ్చేది ఆరున్నర అంగుళాలే. గాడి మూల నుంచి వెంట్రుక వాసి పగులు ఒకటి నారపోగు వెంబడి జానెడు దూరం పాకింది. గాడిలో చెక్క ముక్క అతికించి జిగురు పూయవచ్చా అని అడిగాను. నొక్కుడు పడే చోట అయితే ముక్క పనికొస్తుందనీ, లాగుడు పడే చోట జిగురు ఊడిపోయి ముక్క ఊరికే కూర్చుంటుందనీ ఆచారిగారు చెప్పారు. సాయంత్రం బావ కూడా అదే మాట అన్నాడు. కొత్త చిల్లు వద్దన్న తన మాటను ఈ ఒక్క చోటికి ఆయనే సడలించి, దూలానికి రెండు పక్కలా 50 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం, మూడడుగుల పొడవు గల ఇనుప పట్టీలు పెట్టి, గాడికి ఆ వైపు రెండు, ఈ వైపు రెండు బోల్టులతో బిగించాలని, ఆ చిల్లులు ఒకే నారపోగు మీద పడకుండా పైకీ కిందికీ జరిపి వేయాలని చెప్పాడు. కంత పని కంటే ముందు ఇది పూర్తి కావాలని నిర్ణయించుకున్నాను.

ఆగస్టు 16, శనివారం

చివరికి కుదిరిన పథకం ఇది. కంతను దూలం వైపు ఒక్క అంగుళం కూడా పెంచడం లేదు. దాని తూర్పు అంచు ఉన్న చోటే ఉంటుంది. పడమరకు 48 అంగుళాల దాకా పొడవు పెరుగుతుంది. వెడల్పు కోసం మూడో జాయిస్టును కోసి, రెండో దానికీ నాలుగో దానికీ నడుమనున్న 38 అంగుళాల జాగాను కంత చేస్తాం. పక్కలకు అంగుళం మందపు చట్రం పోగా చేతికందేది 36 అంగుళాల వెడల్పు, 46 అంగుళాల పొడవు. నాలుగో జాయిస్టు దగ్గర కప్పు ఎత్తు నాలుగడుగులకు కాస్త తక్కువ. పైకి పోయిన మనిషి నెత్తి కాచుకోవడానికి ఆ ఎత్తు చాలును.

కోసిన జాయిస్టులో దూలం వైపు మిగిలే తుంట 4 అంగుళాలే. దానివల్ల చిక్కు లేదు. పడమర వైపు మిగిలే నాలుగడుగుల తోకకు మాత్రం ఒక కొన గాలిలో ఉంటుంది. ఆ కొనను మోయడానికి రెండో జాయిస్టు నుంచి నాలుగో దానికి అడ్డంగా ఒక కొయ్య వేయాలి; దూలం వైపు అంచుకు కూడా అలాంటిదే ఇంకొకటి. అప్పుడు మూడోది మోసే బరువులో కొంత ఆ రెండింటి మీద పడుతుంది కనుక వాటి పక్కన జోడు జాయిస్టులు పెట్టి బోల్టులతో ఒకటి చేయాలి. జోడును కంతకు అవతలి పక్కన పెడితే 38 అంగుళాలు తగ్గవు.

వేలూరు రోడ్డు పక్కన పాత కలప అమ్మే అంగడిలో, ఏదో పడగొట్టిన ఇంటి నుంచి వచ్చిన టేకు దూలాలు దొరికాయి. కొత్త కలప అయితే ఆరే కొద్దీ వంకర పోతుంది. పాతది ఆ వయసు దాటి వచ్చింది. అయితే దానిలో తల విరిగిన మేకులు దాగి ఉంటాయి. ఆచారిగారు పాత రేడియో స్పీకరు అయస్కాంతానికి దారం కట్టి కొయ్య మీద మెల్లగా నడిపించారు. దారం ఎక్కడ వాలితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టారు. ఒక్క కొయ్యలో పదకొండు మేకులు దొరికాయి. అంగడివాడు మొదట నవ్వాడు, నాలుగో మేకు తరువాత అతను కూడా వచ్చి వంగి చూశాడు.

అడ్డ కొయ్యల కొనలు జాయిస్టులో గాడి తీసి దూర్చడం పాత పద్ధతి. గాడి తీస్తే బరువు పెరిగిన జాయిస్టునే బలహీనం చేసినట్టవుతుందని, దానికి బదులు 40 మిల్లీమీటర్ల ఇనుప పట్టీని తొట్టి ఆకారంలో వంచి నాలుగు కొక్కేలు చేయించాం. వెల్డింగు అంగడిలో వాటికీ, దూలం పట్టీలకూ కలిపి 2,400 రూపాయలైంది.

ఆగస్టు 17, ఆదివారం

పశ్చిమపు దూలానికి ఇనుప పట్టీలు బిగించాం. నాలుగు బోల్టులు, నాలుగు గంటలు. మెయిన్ ఆపి పని చేయవలసి రావడంతో ఫ్యాను కూడా లేదు.

ఆగస్టు 23, శనివారం

జోడు జాయిస్టులు ఎనిమిదిన్నర అడుగులకు పైగా పొడవు. 18 అంగుళాల కంతలోంచి వాటిని పైకి ఎక్కించబోతే కొన పోయి రీపరుకు తగిలింది, కింది కొన కంత అంచులో ఇరుక్కుంది. ఆచారిగారు నిచ్చెన దిగి, ఏమీ మాట్లాడకుండా పెరట్లోకి పోయి, కప్పు వైపు చూసి వచ్చారు. మంగళూరు పెంకుకు పైభాగాన ఉన్న ముక్కు రీపరు అంచుకు తగులుకుని ఉంటుంది. కాస్త ఎత్తి వెనక్కి లాగితే ఊడివస్తుంది. తొమ్మిది పెంకులు తీసి, రెండు రీపర్ల నడుమనున్న అడుగు సందులోంచి కొయ్యలను బయటి నుంచే లోపలికి జారవిడిచాం. తీసిన పెంకులలో ఒకదాని అడుగున మంగళూరు కార్ఖానా ముద్ర అక్షరాలు చెరగకుండా ఉన్నాయి. బాసెల్ మిషన్ వారు 1865లో అక్కడ మొదలుపెట్టిన పెంకుల తయారీ, పశ్చిమ కనుమలు దాటి ఈ ఊరి దాకా ఇళ్ల రూపం మార్చిందని చదివాను. ఆ ముద్రను వేలితో తడుముతుండగా మొదటి చినుకు నా చేతి మీద పడింది.

వాన పది నిమిషాలే కురిసింది. ఆ పది నిమిషాలలో తొమ్మిది పెంకులను తిరిగి తగిలించడం ఎట్లాగో నాకు బాగా వచ్చింది. సీలింగు మీద ఒక మరక మిగిలింది.

సాయంత్రం రెండు జోడు కొయ్యలనూ దూలాల పక్కనున్న చెక్క పట్టీల మీద కూర్చోబెట్టి, అడుగున్నరకు ఒకటి చొప్పున, ఒకటి పైకీ ఒకటి కిందికీ జరుపుతూ 10 మిల్లీమీటర్ల బోల్టులు బిగించాం.

ఆగస్టు 24, ఆదివారం

కోత రోజు. ముందుగా హాలులో, మూడో జాయిస్టు కింద, కోయబోయే రెండు చోట్లకూ బయటి వైపున సరుగుడు కర్రలు నిలబెట్టాం. కర్ర పైన పలక, కింద వాలుగా చెక్కిన రెండు చెక్క ముక్కలు ఎదురెదురుగా పెట్టి, వాటిని సుత్తితో దగ్గరికి కొడుతూ పోతే కర్ర బిగుసుకుంటుంది. ఎంత బిగించాలన్నదే అసలు సంగతి. ఎక్కువ కొడితే జాయిస్టును పైకి ఎత్తేస్తాం, సీలింగు పలకల మేకులు లేస్తాయి. కర్రను చేత్తో తడితే గలగలమనకుండా గట్టి చప్పుడు రావాలి, అంతకు మించి ఒక్క దెబ్బ కూడా వేయకూడదు అన్నారు ఆచారిగారు. తట్టి విని, ఒక దెబ్బ వేసి, మళ్లీ తట్టి, ఆయన దానికే పావుగంట పెట్టుకున్నారు.

పలకలను ముందు కోసి దించాం. తరువాత జాయిస్టు. కరెంటు రంపం వద్దని, చేతి రంపమే పట్టుకున్నారు. రెండంగుళాలు దిగాక ఆపి, రంపం గాడిలో టార్చి వేసి నన్ను చూడమన్నారు. గాడి పైన ఎంత వెడల్పు ఉందో అడుగున అంతే ఉంది. జాయిస్టు జారుతూ ఉంటే గాడి పై పెదవులు మూసుకుని రంపాన్ని పట్టేస్తాయి. ఇక్కడ రంపం వదులుగానే ఆడింది. బరువు కర్రల మీదికి వచ్చేసిందని దాని అర్థం. రెండో కోత చివరి పోగు తెగినప్పుడు నాలుగడుగుల ముక్క నా చేతుల్లోకి వచ్చింది. కప్పులో ఎక్కడా కిర్రుమనలేదు. నేను ఊపిరి బిగబట్టి ఉన్నానని అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నానికి ఇనుప కొక్కేలలో అడ్డ కొయ్యలు రెండూ కూర్చున్నాయి. దూలం వైపు దాని మీద పలకల అంచులు తప్ప పెద్ద బరువు లేదు. పడమర వైపు దానికి మాత్రం తోక కొనను రెండు పక్కలా మరమేకులతో గట్టిగా పట్టించాం. కర్రలను ఆ రోజు తీయలేదు. రాత్రంతా ఉంచి సోమవారం ఉదయం చెక్క ముక్కలను ఒక్కొక్కటే సడలించి, నూలు పట్టి చూస్తే తోక ఒక మిల్లీమీటరుకు మించి దిగలేదు.

ఆగస్టు 31, ఆదివారం

పని జరగలేదు. మొన్న బుధవారం వినాయక చవితి. ఆచారిగారు కాణిపాకం బ్రహ్మోత్సవాలకు పోయినవారు ఇంకా రాలేదు. నేను ఒక్కడినే కొత్త కోతలకూ, పాత కొయ్యల కొనలకూ బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు రెండు పూతలు పూశాను.

సెప్టెంబరు 6, శనివారం

ఈ రోజు నష్టం పూర్తిగా నాది. చట్రం నాలుగు పలకలూ మొన్ననే బిగించేశాం. ఇక తలుపులే కదా అని, 36, 46 అంకెలు కాగితం మీద రాసుకుని ప్లైవుడ్ అంగడికి పోయి, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో రెండు రెక్కలు మిషను మీద కోయించుకుని వచ్చాను. రెక్కలు నూటికి నూరు పాళ్లు మూలమట్టానికి ఉన్నాయి. మా కంత మాత్రం లేదు. ఒక మూల రెక్క ఇరుక్కుంది, ఎదురు మూల అరంగుళం సందు తెరుచుకుంది. మూల నుంచి మూలకు టేపు పట్టి చూస్తే రెండు కొలతలకూ ముప్పావు అంగుళం తేడా. ఎన్నో ఏళ్ల కిందట పరిచిన జాయిస్టులు ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయని నేను ఎందుకు అనుకున్నానో తెలియదు. మూలల కొలత పట్టడం నిమిషం పని. ఆ నిమిషం నేను పెట్టలేదు.

"కంత వంకరగా ఉంటే మూత కూడా అంతే వంకరగా ఉండాల సార్. ఇద్దరూ ఒకే మాదిరి వంకరుంటే ఎవురికీ కనపడదు" అన్నారు ఆచారిగారు. కంత మీద అట్టపెట్టె విప్పి పరిచి, అంచుల వెంబడి పెన్సిలుతో గీసి, అట్టనే కొలతగా తీసుకున్నారు. ఇరుక్కున్న మూలను చెక్కి, సందు పడిన వైపు టేకు అంచు పట్టీని ఒక కొన సన్నంగా, ఒక కొన మందంగా తోపడ పట్టి అతికించారు. ప్లైవుడ్ వృథా కాలేదు.

సెప్టెంబరు 7, ఆదివారం

రాత్రికి సంపూర్ణ చంద్రగ్రహణం. మధ్యాహ్నం భోజనానికి ముందే ఆచారిగారు పనిముట్లు సంచిలో కట్టేశారు. రెక్కలకు బందులు మాత్రం బిగించారు.

సెప్టెంబరు 13, శనివారం

నిచ్చెన తయారైంది. హాలు సీలింగు 11 అడుగుల ఎత్తు. నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున పాదాన్ని ఇవతలికి జరిపితే నిచ్చెన జారకుండా నిలుస్తుందన్న లెక్కన పాదం రెండు ముప్పావు అడుగుల ఎడంలో ఉండాలి. పాత కంతలో ఆ వాలుకు చోటు లేకనే నిట్టనిలువుగా ఎక్కేవాళ్లం. ఇప్పుడు 46 అంగుళాల పొడవు వల్ల మెట్టు మీద మెట్టు వేసి మామూలుగా ఎక్కవచ్చు. కంత అంచున పైన నాలుగంగుళాల ఎత్తు చెక్క కట్ట కట్టించాం. చీకట్లో కాలు అంచు దాటకుండా అది అడ్డుకుంటుంది, దుమ్ము కూడా హాలులోకి రాలదు. ఇప్పటి దాకా కలపకు 8,600, ఆచారిగారికీ ఆయన మనుమడికీ కూలి 11,000, ప్లైవుడ్, బోల్టులు, బందులు, ఇనుప పనికి 6,300 అయింది.

సెప్టెంబరు 20, శనివారం

బొమ్మల పెట్టెలు దిగాయి. పెట్టెకు రెండు వైపులా పంచెలు తాడులా మెలిపెట్టి కట్టి, పైన నేనూ ఆచారిగారి మనుమడూ వదులుతూ ఉంటే, కింద నా తమ్ముడు నిచ్చెన మీద నిలబడి పెట్టె అడుగు పట్టుకున్నాడు. అమ్మ కుర్చీ వేసుకుని కంత కింద కూర్చోబోతే దూరంగా కూర్చోమని బతిమాలవలసి వచ్చింది. రెండు పెట్టెలకూ కలిపి పన్నెండు నిమిషాలు పట్టింది. మూత తీసి ఆమె మొదట వెతికింది వామనుడినే. గొడుగు పుల్లకు పోయిన ఏడాది కట్టిన దారం అట్లాగే ఉంది.

గంగాళం సంగతి మిగిలింది. మూతి మీద టేపు పట్టి చూశాను, 38 అంగుళాలు. చట్రం లేకుండా ఉంటే వెంట్రుక వాసిలో దిగేదేమో. "దాన్ని పెట్టేటప్పుడు పెంకులు తీసి పైనించే దించినారంట. మీ తాత చెప్పినాడు" అని అమ్మ ఇప్పుడు చెప్పింది. వచ్చే వేసవిలో పెంకులు సవరించేటప్పుడు చూద్దామని ఆచారిగారు అన్నారు. ప్రస్తుతానికి కొలువు మెట్ల పలకలు గంగాళం మీద పెట్టి ఉన్నాయి. రేపు ఉదయం వాటిని దించాలి.